మంద కూత ఉన్న డిస్కు

మా ముత్తాత ముదిగుబ్బ వైపు నాలుగు పల్లెలకు మునసబు. తాత కూడా మునసబే. ప్రభుత్వం ఆ ఉద్యోగాలే తీసేసిన తర్వాత కూడా ఊరు మా నాయనను మునసబు గారనే పిలిచింది. మా అరుగు మీద తీర్పులు జరిగేవి. ఎవరికి ఏం కావాలన్నా ఆ అరుగు దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు. మేం మాత్రం ఎవరి గడపకూ పోయి ఏదీ అడిగి ఎరగం. దోవ తెలియకపోతే తెలిసేదాకా నడవాలి గాని అడగకూడదు అని తాత చెప్పేవాడట. మా నాయన కూడా ఆ మాట తప్పలేదు. బోరులో నీళ్ళు తగ్గినప్పుడు ఎవరినీ సలహా అడక్కుండా ఇంకా పెద్ద మోటారు బిగించాడు. అది మూడు రోజులు ఆడి కాలిపోయింది.

నా చేతికి వచ్చేసరికి అరుగు మిగిలింది, పొలం మిగల్లేదు. పెళ్ళిళ్ళకు వీడియో తీయడం నేర్చుకున్నాను. ఒకప్పుడు మా ఇంటి పెళ్ళిళ్ళలో పందిళ్ళు వేసినవాళ్ళ ఇళ్ళకు కెమెరా పట్టుకుని పోయేవాణ్ణి. తల మాత్రం దించలేదు.

అట్లా తీసిన పెళ్ళిళ్ళలో ఒకటి మా ఊరి గొర్రెల కాపరి కొడుకుది. ముహూర్తం అయ్యాక ఆ ముసలాయన కంబళి భుజాన వేసుకుని కెమెరా ముందుకొచ్చి, నవ్వుతూ, మందను పిలిచే కూత వేశాడు. పొడుగ్గా, చివర విరిచి. పందిట్లో అందరూ నవ్వారు. గుట్ట కింద ఉన్న మంద నిజంగానే తలలెత్తి ఇటు కదిలింది. ఆయన మందకు ఆయన కూత తప్ప ఇంకొకటి తెలియదు.

పెళ్ళయిన ఇరవై రోజులకు ఆయన గుండె ఆగి పోయాడు. నాలుగో రోజు కొడుకు మా అరుగు దగ్గరికి వచ్చి కింద నిలబడ్డాడు.

"సామీ, మంద నా మాట ఇనడం ల్యా. నేను కూతేస్తే కొత్తోన్ని చూసినట్టు చూస్తాండాయి. పెండ్లినాడు నాయన కూతేసినాడు గదా, అదొక్కటి నా ఫోన్లోకి ఇయ్యండి. దాన్ని ఇనిపిచ్చుకుంటా నేను నేర్చుకుంటా."

ఆ కూత ఉన్న వీడియో ముక్క అప్పటికే నా కంప్యూటర్‌లో ఉంది. అతని ఫోన్లోకి వేయడానికి రెండు నిమిషాలు చాలు. "తుంటలు తుంటలుగా ఇచ్చేది మా ఇంట్లో ల్యాదప్పా. పదకొండో నాడు పెద్ద దినానికి సినిమా అంతా కట్టి ఇస్తా, పో" అన్నాను. అతను దండం పెట్టి పోయాడు. ఆ దండం నాకు బాగుండింది. ఇప్పుడు అది గుర్తొస్తే చాలా సేపు ఏ పనీ చేయలేను.

పని ఆలస్యమైంది. నా కంప్యూటర్ పాతది. గంట వీడియోను తయారుచేయడానికి పూట పట్టేది. మాట తప్పకూడదని, ప్రాసెసర్ వేగాన్ని దానికి పెట్టిన హద్దు దాటించాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. ఏ సెట్టింగు ఎట్లా ఉండిందో రాసుకోలేదు, ఫోటో తీసుకోలేదు. మా నాయన మోటారు నాకు గుర్తు రాలేదు.

మళ్ళీ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. నాలుగు సెకన్లకు ఆగి, మళ్ళీ తనంతట తనే మొదలైంది. మళ్ళీ ఆగింది. ర్యామ్ ముక్కలు తీసి రబ్బరుతో రుద్ది ఒక్కొక్కటే పెట్టి చూశాను. తీగలు మార్చాను. పొద్దున మొదలుపెట్టిన పని మధ్యాహ్నానికి కూడా అక్కడే ఉంది.

మండలంలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఒకటుంది. దాన్ని నడిపే అమ్మాయి మా ఇంట్లో ఎద్దులబండి తోలినాయన కూతురు. ఫోన్ చేసి, ఇంటికొచ్చి చూసి పొమ్మన్నాను.

"అంగట్లో నేనొక్కదాన్నే ఉండానన్నా. పెట్టె ఎత్తుకొని ఈడికే రాండి. పది నిమిషాల పని."

వాళ్ళ నాయన మా నాయనను సామీ అనేవాడు. ఈమె నన్ను అన్నా అంది, పైగా రమ్మంది. ఫోన్ పెట్టేశాను.

యూట్యూబ్‌లో చూసి, లోపలున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి, కాసేపు ఆగి మళ్ళీ పెట్టాను. సెట్టింగులన్నీ మొదటికి పోయాయి, తెర వెలిగింది. ఎవరినీ అడక్కుండా సాధించానని మీసం తడుముకున్నాను కూడా. కాని విండోస్ రాలేదు. ఈ డిస్కులో సిస్టం లేదని తెర మీద తెల్ల అక్షరాల వరస ఒకటి పడింది.

ఇందాకటి దెబ్బకు విండోస్ చెడిపోయిందనుకున్నాను. నాకు రెండు డిస్కులు, రెండూ ఒకే సైజు. మొదటిది సిస్టంది, రెండోది వీడియోలది. అందుకని మొదటిదాన్ని పూర్తిగా చెరిపి, విండోస్ కొత్తగా ఎక్కించాను. అన్నీ అయ్యాక వీడియోల కోసం రెండో డిస్కు తెరిచాను. అందులో నా పాత విండోస్ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది.

నేను చెరిపింది వీడియోల డిస్కును. కెమెరా కార్డులు అంతకుముందే తుడిచి వేరే పెళ్ళికి వాడేశాను.

అప్పుడు పెట్టె ఎత్తుకుని ఆ అంగడికి పోయాను. మా వంశంలో సాయం కోసం ఇంకొకరి గడప ముందు బరువు మోస్తూ నిలబడింది నేనే మొదట అనుకుంటాను. ఆ అమ్మాయి స్టూలు జరిపి కూర్చోమని, చెప్పిందంతా వింది.

"బ్యాటరీ తీస్తే డిస్కుల వరస మారిపోయిందన్నా. ఒకటి రెండయింది, రెండు ఒకటయింది. అంతే. సెట్టింగుల్లో కిందిదాన్ని పైకి జరిపింటే సరిపోతాండె."

"నాకెట్లా తెలుస్తుంది?"

"అడిగింటే తెలుస్తాండె. మీ ఇంట్లో దోవ కూడా అడగరని మా నాయన చెప్తాండె. ఒకసారి కదిరి పోవాల్సింది మీ తాత గోరంట్లకు తోలించినాడంట. కంప్యూటర్‌తో కూడా అంతేనా?"

నవ్వుతూనే అంది. ఆ డిస్కులో ఏముండిందో చెప్పాక నవ్వలేదు. రెండు రోజులు కూర్చుని తవ్వింది. ఇంకెవరివో పెళ్ళిళ్ళు కొన్ని దొరికాయి. ముసలాయన ఉన్న ఫైలు కూడా దొరికింది. తెరిస్తే సగం పచ్చ చారలు. ఆయన నోరు తెరవడం కనిపిస్తుంది. శబ్దం లేదు.

పెద్ద దినం నాడు వాళ్ళ ఇంటికి నేనే నడిచిపోయాను. పొరపాటు నాదేనని చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను మంచం దులిపి వేసి, "కూసోండి సామీ. మీరేం కావాలని చేసినారా" అన్నాడు. వాళ్ళమ్మ మాత్రం తల ఎత్తలేదు. "ఆ పొద్దే ఇచ్చింటే పోతాండెనా" అని పొయ్యితో చెప్పినట్టు చెప్పింది.

అతను తన కూతతోనే ఆరేడు నెలలు తిప్పలు పడ్డాడు. మంద చీలిపోయేది. రెండుసార్లు కందిచేలో పడితే ఊరు మాటలంది. ఆ ఏడు వాన కూడా లేదు, మేతా లేదు. కారణం కూత ఒక్కటే కాదని ఆ అంగడి అమ్మాయి నాతో అంది.

మా తాత బావుల కింది పొలం అమ్మాడు. మా నాయన మెట్ట అమ్మాడు. నా వంతుకు వచ్చేసరికి, ఉగాదికి ముందు వారం కాపరి కొడుకు మంద మొత్తాన్ని, పొట్టేళ్ళతో సహా, ఒకే సంతలో అమ్మేశాడు.