ముక్కోటి నాడు నేను అడిగింది

మా పెద్దమ్మ పోయింది. మంగళవారం మధ్యాహ్నం, కార్ఖానా బస్తీలోని ఇంట్లోనే, అన్నం తిని అలా ఒరిగి నిద్రలోనే పోయింది. వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి చుట్టాలందరికీ నేనే ఫోన్లు చేశాను. వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట. "అయ్యో, మొన్న ముక్కోటి నాడు పోతే ఎంత మంచిగుండు!" నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎందుకంటే అలా పోకుండా అడ్డం పడింది నేనే. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. అమ్మ పోయాక నన్ను తనే పెంచింది. నలభై ఏళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చుని ఆ వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టింది. చెప్పిన రోజుకు ఒక్కటంటే ఒక్కటి ఇచ్చిన పాపాన పోలేదు. "కాజాలొక్కటే ఉన్నయ్ బిడ్డా, రేపు రా" అనేది. అప్పటికి గుడ్డ కత్తిరించి కూడా ఉండదు! గొడవకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి కబుర్లలో దించేది. వాళ్ళు వచ్చిన పని మరిచిపోయి నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఏకాదశి నాడు మాత్రం మిషన్ మీద దుప్పటి కప్పేసి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

దసరా నుంచి గుండె జబ్బుతో మంచం పట్టింది. చావంటే ఆమెకు భయం లేదు, ఒక కోరిక ఉండేది. ముక్కోటి ఏకాదశి నాడు గుళ్ళో ఉత్తర ద్వారం తెరుస్తారు కదా, ఆ రోజు పోయినవాళ్ళకు వైకుంఠం తలుపులు కూడా తెరిచే ఉంటాయని నమ్మకం. పోతే ఆ రోజే పోవాలని ఆమె పట్టు.

"జిందగీల ఒక్క జాకెట్ చెప్పిన దినం ఇయ్యకపోతివి. దేవుడు మాత్రం నిన్ను తారీఖు తప్పకుండ తీస్కపోవాల్నా?" అన్నాను ఒకసారి.

"నా తీరుగ ఆయన సుత బద్దకం చేస్తే లోకం నడుస్తదే?" అంది.

శుక్రవారం ముక్కోటి. పొద్దున్నే ఆయాసం ఎక్కువైంది. డాక్టరు వచ్చి చూసి పెదవి విరిచి వెళ్ళాడు. పెద్దమ్మ మొహంలో మాత్రం పెళ్ళికి బయల్దేరేవాళ్ళ కళ! "గుడికి పోయి రా. నా తరఫున అడుగు, ఇయ్యాలనే తీస్కపొమ్మని" అంటూ నన్ను తరిమింది. పక్కింటామెను కూర్చోబెట్టి తిరుమలగిరి గుడికి వెళ్ళాను.

రెండు గంటలు లైన్లో ఉన్నాను. ఉత్తర ద్వారం దాటి స్వామి ఎదుట నిలబడేసరికి ఆమె అడగమన్న మాట నోటికి రాలేదు. "ఇంకో నాలుగు రోజులు ఉండనీ స్వామీ" అని దండం పెట్టాను. అంతలో వెనకవాళ్ళు తోసేశారు.

ఇంటికొచ్చేసరికి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అడిగినవా?"

"అడిగిన."

"ఆయనకు ఇనబడనట్టుంది" అని నిట్టూర్చి, నేను గుడి నుంచి తెచ్చిన తీర్థం తాగింది. మర్నాడు ద్వాదశి పారణకు పప్పన్నం అడిగి మరీ తిన్నది. నాకు సంతోషం, వెంటనే దిగులు. ఆమె కోసం తెరిచిన తలుపును నా స్వార్థం కోసం మూసేశానా? రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

సోమవారం సాయంత్రం ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఏడ్చాను కూడా.

"ఎన్ని దినాలు అడిగినవే?"

"నాలుగు దినాలు అన్న... మాట వరసకు."

"నాలుగేనా! ఇచ్చేటోడు ఇస్తుంటే గింత పిసినారితనమేందే? నెలన్న అడగొద్దా పిచ్చిదానా!" దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"మరి తలుపు మూసుకపోయింది గదా పెద్దమ్మా?"

"మూస్తే తలుపు కొడ్త. ఆయన లోపల్నే ఉంటడు గదా, యాడికి పోతడు?"

ఇన్నేళ్ళ పట్టు ఆ ఒక్క మాటతో వదిలేసింది. నా మీది బరువు కూడా దాంతోనే దిగిపోయింది. దేవుడి దయకు తిథి వారాలు లేవని నాకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

అప్పుడు నా చెయ్యి లాక్కుని చిటికెన వేలి నుంచి లెక్కపెట్టింది. "శనారం, ఐతారం, సోమారం..." చూపుడు వేలు దగ్గర ఆగింది. "రేపొక్కటి ఉన్నది. లే, చాయ్ పెట్టు. జెర అల్లం ఎక్కువెయ్యి."

పెట్టాను. స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఊదుకుంటూ, చివరి చుక్క దాకా తాగింది. ఖాళీ గ్లాసు నావైపు చాపి, "ఇంకింత పొయ్యి" అంది.