బావ కారుకు వేయించిన వెడల్పు చక్రాలు

పోయిన ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చి అందరం భోజనాలు చేసినాక, మా చిన్నల్లుడు సోఫాలో బావ పక్కన చేరి ఫోనులో కారు చక్రాల బొమ్మలు చూపించడం మొదలుపెట్టినాడు. కొత్తగా కొన్న కారుకు కంపెనీవాళ్లిచ్చిన చక్రాలు నచ్చలేదంట, వాటిని పీకేసి అంతకంటే పెద్దవి, వెడల్పువి వేయించాలని అతని ముచ్చట. డెబ్బై దాటి, చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేని మా బావ, ఆ బొమ్మలు చూడగానే కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగి, ఎంత వెడల్పువి వేస్తే అంత దర్జాగా ఉంటుందో, టైరు ఎంత పలచగా ఉంటే బండి ఎంత బాగా నేలను అంటుకుని పోతుందో, తన రోజుల్లో తన కారును చూడటానికి మార్కాపురం బజారంతా ఎట్ల నిలబడిపోయిందో చెప్పుకుంటూ పోయినాడు. ఆయన భార్య, అంటే మా అక్క, అంతవరకు అక్కడే కూర్చుని వక్కలు కత్తిరిస్తూ ఉన్నది, వక్కలు పక్కన పెట్టి లేచి వంటింట్లోకి పోయింది. నేను కూడా లేచి బయటికి పోయినాను. ఇన్నేళ్లయినా ఆ మనిషి నోట్లోంచి ఆ చక్రాల పేరు వింటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదు.

మన ఈడు వాళ్లకు తెలియంది కాదు, ఒకప్పుడు మా వైపు కారు అంటే తెల్లటి పెద్ద కారే, అది కూడా డాక్టరుకో కాంట్రాక్టరుకో ఉండేది. బావ పలకల వ్యాపారం బాగా నడుస్తున్న రోజులవి. రాయి గనిలోంచి వచ్చేది, ఫ్యాక్టరీలో కోసి నున్నగా చేసి చెక్క చట్రాలు బిగించి బయటి రాష్ట్రాలకు పంపేవాళ్లు. నేను చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, ఆయన దగ్గరే లోడింగు పనులు చూసుకుంటూ ఉండేవాణ్ని. పొద్దున వేసుకున్న చొక్కా మధ్యాహ్నానికి పలకల దుమ్ముతో బూడిద రంగుకు తిరిగేది. ఆ దుమ్ములోకే ఒకనాడు బావ ఎర్రటి చిన్న కారు తెచ్చినాడు, వెనక డిక్కీ మీద రెక్కలాంటిది ఒకటి బిగించి ఉండేది. కారు బాగనే ఉంది, పరుగు కూడా బాగనే తీసేది. కానీ బావకు దాని చక్రాలు నామోషీగా తోచినాయి. సన్నటి ఇనుప రిమ్ములు, వాటి మీద ప్లాస్టిక్ మూతలు, చూస్తే పిల్లలాడుకునే బండిలా ఉందని పొద్దస్తమానం అదే బాధ.

చివరకు నన్ను కూడా వెంటబెట్టుకుని మద్రాసు పోయినాడు. అక్కడొక వీధి పొడుగునా చక్రాల దుకాణాలే, గోడలకు వెండి పళ్లేల్లాగా రిమ్ములు వేలాడదీసి ఉంటాయి, లోపలికి అడుగుపెడితే కొత్త రబ్బరు వాసన, టైర్లకు పూసే నూనె వాసన కలిసి తల తిరిగిపోతుంది. టైరు పక్కన అచ్చు పోసి ఉండే అంకెలకు అర్థమేందో నాకు ఆ రోజే తెలిసింది. మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత వంతు టైరు గోడ ఎత్తుందో, చివరిది లోపలి రిమ్ము ఎన్ని అంగుళాలో. చక్రం మొత్తం ఎత్తు మాత్రం పెద్దగా మారకూడదు, మారితే స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది, మలుపు తిప్పినప్పుడు టైరు పోయి బాడీకి రాసుకుంటుంది. అందుకని రిమ్ము పెంచినకొద్దీ రబ్బరు తగ్గించుకోవాలి. గుంతలో పడినప్పుడు దెబ్బ తినేది ఆ రబ్బరు, దానిలోని గాలి. అది తగ్గితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకు, రిమ్ము నుంచి లోపల కూర్చున్న మనిషి నడుముకు తగులుతుంది. ఇందులో పెద్ద చదువేమీ లేదు, ఒకసారి చెబితే ఎవరికైనా అర్థమయ్యేదే.

దుకాణమాయన ఒక అంగుళం మాత్రమే పెద్దదైన రిమ్ములు ఒక జత, రెండంగుళాలు పెద్దవి ఒక జత ముందు పెట్టి, మీరు ఎక్కువగా ఏ రోడ్ల మీద తిరుగుతారని అడిగినాడు. బావ కాలు మీద కాలు వేసుకుని, మాకంతా హైవేనే, నెల్లూరు నుంచి మద్రాసు, మద్రాసు నుంచి బెంగుళూరు అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేం తిరిగేది దర్శి, కంభం, గిద్దలూరు, మరీ అయితే పుల్లలచెరువు అవతల మా ఊరు. ఆ మాటే నేను పైకి అన్నాను.

బావ నా వైపు చూడనన్నా చూడకుండా, "వాడిది పల్లెటూరులే, వాని మాట వినబాక. పెద్దవే ఎయ్యి" అన్నాడు.

పెద్దవే వేసినారు. చక్రాలు బాడీ దాటి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చినాయి. మార్కాపురంలో దిగిన రోజు జనం మూగినమాట నిజమే. బావ వాళ్ల మధ్యలో నిలబడి జేబురుమాలుతో రిమ్ములు తుడుస్తూ ఉన్నాడు. అదే రుమాలుతో మళ్లీ మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత డిక్కీలో స్టెప్నీ చక్రం తీసేసి ఆ చోట పెద్ద స్పీకరు పెట్టె ఒకటి బిగించుకున్నాడు. తీసేసిన పాత చక్రాలు ఫ్యాక్టరీ షెడ్డులో పట్టా కింద పడి ఉండేవి.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. నాయన గొర్రెలు మేపినాడు, కూలికి పోయినాడు, బడి మొహం చూసినవాడు కాదు. నడివయసులో మా పల్లెకొచ్చిన పాస్టరు దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకుని, ఆఖరుకు గుడిలో వాక్యం చదివే మనిషి అయినాడు. ఆదివారం తెల్ల అంగీ వేసుకుని నిలబడి, ఒక్కో మాటను గొర్రెపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎత్తుకుని చదివేవాడు. వయసులో ఉండగానే కంపముల్లు గుచ్చుకుని ఒక కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటికి శుక్లం ముదిరి అక్షరాలు అలుక్కుపోతుంటే, నంద్యాలలో ఆపరేషను చేయిద్దామని అక్క పట్టుబట్టింది. అప్పట్లో కన్ను కోసి కుట్లు వేసేవాళ్లు. తల వంచకూడదు, గట్టిగా దగ్గకూడదు, కుదుపులు అసలే తగలకూడదు.

అక్క రైలుకు పోదామన్నది. కారు పెట్టుకుని మామను రైలెక్కించినాడంటారని బావ ఒప్పుకోలేదు. అయితే ఈ ఒక్క ప్రయాణానికి పాత చక్రాలు వేయించమని బతిమాలింది. జాకీ వేసి నేనే మారుస్తానని నేను షెడ్డు తాళాలు కూడా చేతిలోకి తీసుకున్నాను.

"నంద్యాలలో మనోళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ ఎడ్లబండి చక్రాలేసుకుని వాళ్ల ముందర దిగాల్నా?" అని బావ నా చేతిలో తాళాలు లాక్కున్నాడు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. ఆపరేషను బాగా జరిగింది. కొన్నాళ్లు ఉంచుకుని, కట్టు మార్చి, చుక్కల మందిచ్చి పంపినారు. కట్టు మార్చేటప్పుడు నర్సు చేతి గాజులు లెక్కపెట్టినానని నాయన చిన్నపిల్లవాడిలా చెప్పుకున్నాడు. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో అక్క ఆయన తలను తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా దెబ్బ ఇనుము మీద ఇనుము కొట్టినట్లు తగిలేది, నాయన పళ్లు బిగపట్టి సీటు అంచు పట్టుకునేవాడు. నెమ్మదిగా పోనియ్యి బావా అని నేను అంటూనే ఉన్నాను. నల్లమల ఘాటెక్కినాక ఒక మలుపులో వానలకు రోడ్డు కోసుకుపోయి ఉంది. ముందు చక్రం అందులో పడింది. టైరు పగిలింది, కారు పక్కకు ఈడ్చుకుపోయి మట్టికట్టను తాకి ఆగింది. నాయన తల ముందు సీటుకు కొట్టుకుంది.

నేను వెనక్కి తిరిగేలోపలే బావ దిగినాడు. దిగి వెనక తలుపు తీయలేదు. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూలబడి, వంగిపోయిన రిమ్మును వేళ్లతో తడుముతూ, "అయ్యో, అంచు పోయిందే" అన్నాడు. లోపల అక్క చేతికింద కట్టు తడిసి ఎర్రగా అవుతున్నది. కాలిన రబ్బరు వాసన ఆ అడవంతా నిండినట్లుండింది. ఆ మనిషంటే నాకు రోత పుట్టడం అదే మొదలు. కోపం వస్తే పోతుంది, రోత పోదు.

వేద్దామంటే స్టెప్నీ లేదు, ఆ చోట స్పీకరు పెట్టె ఉంది. నంద్యాల వైపు పోయే బస్సొకటి వస్తుంటే అక్క రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపింది. నాయనను పట్టుకుని ఎక్కిస్తుంటే బావ నన్ను పిలిచి, "నువ్వు ఈడే ఉండు, చక్రాలు ఎవడన్నా ఊడదీసుకపోతాడు, నేను పోయి మెకానిక్కును తెస్తా" అన్నాడు. నేను పోయి బస్సెక్కినాను. డ్రైవరు గతుకు గతుకుకు దాదాపు ఆపి ఆపి నడిపినాడు. మెత్తటి కారులో పడిన బాధ ఆ డొక్కు బస్సులో పడలేదని నాయనే అన్నాడు.

కుట్లు తెగినాయి, లోపల రక్తం చేరింది. డాక్టరు మళ్లీ కుట్లు వేసినాడు కానీ చూపు మాత్రం రాలేదు, వెలుగూ నీడా తెలిసేంతే మిగిలింది. మర్నాడు సాయంత్రం బావ వచ్చి మంచం పక్కన నిలబడితే, నాయన గొంతును బట్టి ఆయన వైపు తిరిగి, "అల్లుడా, బండికి పెద్దగా ఏం కాలేదు గదా?" అని అడిగినాడు. అడిగిన మనిషి మర్యాద అది. దానికి బావ, రిమ్మును మద్రాసు పంపిస్తే సరిచేస్తారంట, అచ్చం అట్లాంటి టైరు దొరకడమే కష్టమంట అని వివరంగా చెప్పినాడు. అక్క లేచి ఆయన చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. ఏమన్నదో నాకు వినపడలేదు. ఆ తర్వాత ఆ కారు అమ్మేదాకా ఆమె అందులో కాలు పెట్టలేదు. ఆసుపత్రి నుంచి ఊరికి నాయనను రైల్లో తెచ్చింది, పుట్టింటికి వచ్చినా, పెళ్లిళ్లకు పోయినా బస్సే. బావ కారులో ముందు పోయేవాడు, అక్క వెనకాల బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేది. నేను పలకల ఫ్యాక్టరీ మానేసి దర్శిలో ఎరువుల దుకాణంలో చేరినాను.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికినాడు. ఆదివారం తెల్ల అంగీ వేసుకుని ముందు వరసలోనే కూర్చునేవాడు, ఇంకొకరు చదువుతుంటే పెదవులు కదిలించేవాడు. అల్లుణ్ని ఒక్క మాట అనలేదు, ఇంకెవరన్నా అంటే ఊరుకునేవాడు కాదు. బావ కూడా చెడ్డవాడని లోకమేమీ అనలేదు. పిల్లలను చదివించినాడు, పెళ్లిళ్లు చేసినాడు. ఆ ఘాటు సంగతి ఆయనకు రిమ్ము వంగిన సంగతిగానే జ్ఞాపకం.

ఈమధ్య శుక్లం తీయించుకునేందుకు కంటి డాక్టరు దగ్గరకు నేను కూడా పోయినాను. పొద్దున పోతే మధ్యాహ్నానికి పంపించేసినారు. కుట్లు లేవు, కట్టు లేదు, నల్ల కళ్లజోడు పెట్టుకుని నంద్యాల బస్టాండులో టీ తాగి బస్సెక్కినాను. ఘాటు రోడ్డు ఇప్పుడు నున్నగా ఉంది, ఏ చక్రాలు వేసుకున్నా పోవచ్చు. పక్కన కూర్చున్న కుర్రవాడు నిద్రపోతూ నా భుజం మీదికి ఒరిగినాడు, మలుపుల్లో కూడా వానికి మెలకువ రాలేదు. చెట్ల ఆకులు ఒక్కొక్కటి విడివిడిగా కనపడుతున్నాయి. అంత బాగా కనపడుతుంటే నాకు సంతోషం కలగాల్సింది, కానీ ఆ దారి పొడుగునా నాయనకు రావలసిన చూపును నేను వాడుకుంటున్నట్లు అనిపించి, గిద్దలూరు వచ్చేదాకా కళ్లు మూసుకునే కూర్చున్నాను.