గాలిమర రెక్కల వాలు

ఊరి చివరి గాలిమరను కూల్చి ఇరవై ఏళ్లయింది. దాని రెక్కలు ఎడమకు వాలి ఆగితే ఎవరో పోయారని, కుడికి వాలి ఆగితే శుభకార్యమని పొలాల్లో వాళ్లకు సైతం కబురు అందేది. దాన్ని నడిపిన హార్మెన్ పోయిన రోజు, రొట్టెలు కాల్చే వీబె ఆ ఖాళీ దిబ్బ మీద రెండు చెక్కల్ని రెక్కల్లా అడ్డంగా కొట్టి, ఓ పక్కకు వాల్చి నిలబెట్టాడు.

పక్కింట్లోంచి హార్మెన్ భార్య ఆల్ట్యే కిటికీ తెరిచింది.

"ఓరి తింగరోడా, అది పెళ్లి వాలురా."

వీబె మొహం మాడిపోయింది. "ఇప్పుడే మార్చేస్తా వదినా."

"వద్దు, ఉండనీ. మా పెళ్లినాడు కంగారులో ఆయన చావు వాలులో ఆపాడు. ఊరంతా చర్చికి నల్లబట్టలేసుకొచ్చింది. నలభై ఏళ్లు దెప్పుతూనే ఉన్నా. ఇవాళ్టితో చెల్లుకు చెల్లు."