మూడో తీగ బిరడా

ఒక మాట నలభై ఏళ్లుగా నా నాలుక కింద ఉంది. ప్రార్థనలో కూడా దాన్ని పక్కకు తోసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. బైబిలు ముందు పెట్టి అక్షరాలు, హార్మోనియం ముందు కూర్చోబెట్టి కీర్తనలు నాయనే నేర్పాడు. ఆయన పోయాక మా ఆత్మకూరు మందిరంలో ఆ హార్మోనియం నాదైంది. ఆదివారం ఆ గంటన్నర కోసం వారమంతా దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో తమ్ముడు నెల్లూరులో ఎవరో వాడిన కరెంటు గిటారు, దాని స్పీకరు పెట్టె కొనుక్కొచ్చాడు. మూడో తీగ మీటితే చాలు, జుయ్యిమని ఒకటే రొద. వైర్లు మార్చాడు. పెట్టె విప్పి మూశాడు. చివరికి నేను వాణ్ని తీగ మీటుతూ ఉండమని, గిటారు మీద ఒక్కో చోటా వేలితో అదిమి చూశాను. తీగ బిగించే బిరడా మీద వేలు పెట్టగానే రొద ఆగింది. దాని వెనక చిన్న స్క్రూ వదులైంది. కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో బిగించాను. అంతే. మా అక్క బాగుచేసిందని వీధంతా చెప్పుకొచ్చాడు.

ఆ వారంలోనే సంఘపెద్ద ఇంటికొచ్చాడు. "మీ తమ్ముడు గిటారు వాయిస్తాడంట, ఇంక హార్మణి ఎందుకు లేమ్మా. నువ్వు ఆడోళ్లలో కూర్చొని పాడుకో" అన్నాడు. మంచిదే అన్నాను. నవ్వాను కూడా.

ఆదివారం పొద్దున తమ్ముడు స్నానానికి పోయాడు. నేను అప్పుడే మోకాళ్ల మీద నుంచి లేచాను. పెదవుల మీద ప్రార్థన ఇంకా ఆరలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని అదే స్క్రూను ఒక చుట్టు వదులు చేశాను. స్క్రూడ్రైవరును తుడిచి కుట్టుమిషను సొరుగులో ఎప్పటి చోటే పెట్టేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నిర్ఘాంతపోతాను. వాడి మీద కోపమా? లేదు. అసూయా? ఆ మాట కూడా చాలదేమో. నాకు దేవుడిచ్చిన చోటు అనుకున్నదాన్ని కాపాడుకోవడానికి, ఆ దేవుని మందిరానికే పోయే వస్తువును పాడుచేసే మనిషి నాలో ఉందని, చేసేదాకా నాకే తెలియదు.

చిన్న మందిరం. మొదటి కీర్తనకే రొద అందరికీ వినబడింది.

"ఏందిరా అబ్బాయ్, కందిరీగను గానీ పెట్టినావా దాన్లో?" అన్నాడు సంఘపెద్ద. పిల్లలు, పెద్దలు అందరూ నవ్వారు. వాడు తల ఎత్తలేదు. రెండో కీర్తనకు నన్ను హార్మోనియం దగ్గరికి పిలిచారు. వాయించాను.

ఇంటికొచ్చాక భయమేసింది. దాన్ని మళ్లీ బిగించేద్దామనుకున్నాను.

"ఇట్టియ్యి, ఇంకోసారి చూస్తాను" అన్నాను.

"నువ్వు బిగించినాక ఇంక చూసేదేముండాదక్కా? దాంట్లో ఏం లేదు. నా చెయ్యే మంచిది కాదు. తీగ సరిగ్గా అదమడం రాలా నాకు."

ఇలా అంటాడని నేను ఊహించలేదు. వాడు నన్ను అనుమానించలేదు. గిటారునూ అనుమానించలేదు. తనను తానే అనుమానించుకున్నాడు.

"పోన్లేరా, మెల్లగా వస్తాదిలే" అన్నాను.

స్క్రూ వదులు చేసిన పాపం కన్నా ఈ ఓదార్పే పెద్ద పాపం. ఔను, నీ చెయ్యే మంచిది కాదని నా నోటితో ఖాయం చేశాను. ఆ పూటే ఒక్క మాట చెప్పి ఉంటే? ఎందుకు చెప్పలేదు? వచ్చే ఆదివారం కూడా హార్మోనియం నాదే అవుతుందన్న ఆలోచన అప్పటికే లోపలికొచ్చి కూర్చుంది కాబట్టి.

నెల తిరక్కుండా వాడు గిటారును ఉదయగిరిలో పెళ్లిళ్లకు వాయించే వాళ్లకు ఇచ్చేసి, లారీ మీద పనికెక్కాడు. రెండేళ్ల తర్వాత అక్కడే ఒక పెళ్లిలో ఆ గిటారు విన్నాం. ఎక్కడా రొద లేదు, ఆ స్క్రూ ఎవరో బిగించుకున్నట్టున్నారు. వాడు భోజనానికి కూడా లేవకుండా, ఆ వాయించేవాడి వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. నేను వాడి పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు వాయించాను. బాగా వాయిస్తానని అందరూ అన్నారు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వాడి ముందు ఈ మాట అనే ధైర్యం ఇంకా రాలేదు. కనీసం కాగితం మీదైనా ఒకసారి పెడుతున్నాను. తమ్ముడూ, స్క్రూ వదులు చేసింది నేను. నీ చేతిలో ఏ లోపమూ లేదు.

రాశాను. కొట్టేయలేదు.