సరి చూసిన సార్

నాకు అనుమానం ఎక్కువ. స్కూటర్‌కి తాళం వేసి, మూడంతస్తులు ఎక్కి, మళ్లీ దిగి వచ్చి హ్యాండిల్ కదిపి చూసే రకం. "ఏటండీ, ఆ హ్యాండిలు దొంగోడి వల్ల కాదు, మీరు ఊపడం వల్లే ఊడిపోద్ది" అనేది మా ఆవిడ. మాది విజయనగరం వైపు. సికింద్రాబాద్ పక్కన నేరేడ్‌మెట్‌లో కాపురం పెట్టి అప్పటికి నాలుగేళ్లయినా ఆవిడ మాట మారలేదు, నా గుణమూ మారలేదు.

ఈ గుణం నాకు ఉద్యోగంలో బాగా పనికొచ్చింది. మా ఆఫీసు సికింద్రాబాద్‌లో ఒక టైర్ల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉండేది. ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడూ సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి నగరం ఆ చివరికి ఉరుకుతున్న రోజులవి. మేం పదిహేను మందిమి మాత్రం ఈ చివర కూర్చుని, కంప్యూటర్లో ఇనుప సామాన్లను వంచి, విరిచి, అవి ఎంత బరువుకు విరుగుతాయో లెక్కలు తీసి విదేశీ కంపెనీలకు పంపేవాళ్లం. మా చుట్టాల్లో ఎవరికీ నేను చేసే పనేమిటో అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు.

ఆ ఏడాది మా చేతిలో ఉన్నది కారు తలుపు కీలు. దాని మందం ఇంత పెంచితే ఏమవుతుంది, బెజ్జం ఇటు జరిపితే ఏమవుతుంది అని కంపెనీవాళ్లు వందల ప్రశ్నలు పంపారు. ఒక్కో ప్రశ్నకు కంప్యూటర్ ఆరు గంటలు నమిలేది. అన్నిటికీ అలా నమిలించలేం కాబట్టి నలభై లెక్కలు మాత్రం పూర్తిగా చేయించి, వాటి ఆధారంగా ఒక ఉజ్జాయింపు మోడల్ కట్టాలనుకున్నాం. అది మిగతా ప్రశ్నలన్నిటికీ క్షణంలో సుమారు జవాబు చెప్పేస్తుంది. ఆ సుమారు ఎంత సుమారో తెలుసుకోవడంలోనే ఉంది కష్టమంతా. దర్జీ భుజం, ఛాతీ, చెయ్యి కొలిచి మిగతాది అంచనా మీద కుడతాడు. కుట్టాక టేపు తీసుకుని మళ్లీ ఆ భుజం, ఆ ఛాతీ కొలిచి చూస్తే కొలతలు కలవక ఏం చేస్తాయి? చొక్కా తొడుక్కుని చెయ్యి పైకెత్తితేనే చంక పట్టేసేది బయటపడేది. అందుకే నలభై లెక్కల్లో సగంతో మోడల్ కట్టి, అది ఎన్నడూ చూడని మిగతా సగంతో దాన్ని పరీక్షించాలి.

నలభైకీ వరస నంబర్లు వేసి రెండు ఫోల్డర్లు చేశాను. రెండు, నాలుగు, ఆరు లాంటి సరి సంఖ్యలన్నీ ఒక దాంట్లో, ఒకటి, మూడు, అయిదు లాంటి బేసి సంఖ్యలు ఇంకో దాంట్లో. వాటికి ఇంగ్లీషు అక్షరాల్లో "సరి", "బేసి" అని పేర్లు పెట్టాను. మా వీధి బడిలో లెక్కల మాస్టారు నేర్పిన మాటలు అవి.

మోడల్ కట్టే పని కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించారు. రెజిమెంటల్ బజార్‌లో ఉండే క్రైస్తవుల పిల్ల. వాళ్లమ్మ మిషన్ స్కూల్లో టీచరు. సాఫ్ట్‌వేర్‌కీ వెళ్లకుండా, తల్లి చెప్పిన టీచరు పనికీ ఒప్పుకోకుండా, యంత్రాల పనే చేస్తానని పట్టుబట్టి వచ్చిందట. ఆరు నెలల్లో ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే నోరెత్తకుండా స్కూల్లో చేరతానని తల్లికి మాటిచ్చింది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆమె పని మొదలుపెట్టాల్సిన రోజు నేను వేరే పని మీద బయటికి వెళ్లాల్సి వచ్చి, చెయ్యాల్సిన పని చీటీ మీద రాసి ఆమె కీబోర్డు మీద పెట్టాను. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు చదవడం ఏం వస్తుందిలే అని చీటీ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. "సరితో మోడల్ కట్టు. కట్టాక సరి చూడు." అంతే.

వారం తర్వాత ఫలితాల కాగితం నా ముందు పెట్టింది. ఇరవై వరసలు. అసలు లెక్క ఒక గడిలో, మోడల్ చెప్పిన జవాబు పక్క గడిలో. రెండిటికీ తేడా లేదు. తక్కువ ఉండటం కాదు, అసలు లేదు.

నా పదేళ్ల సర్వీసులో తేడా లేని ఉజ్జాయింపు నేను చూడలేదు.

"సరిచూశావా అమ్మా?" అన్నాను.

"సరి చూసిన సార్."

"నువ్వే చూశావా?"

"నేనే చూసిన సార్. రెండుసార్లు చూసిన." కళ్లు దించకుండా చెప్పింది. ఎంత ధైర్యం అనుకున్నాను.

అప్పటి నుంచి కళ్లల్లో వత్తులు వేసుకుని ఆమెను కనిపెట్టడం మొదలుపెట్టాను. అయిదున్నర అయ్యేసరికి బ్యాగు సర్దేది. నిజంగా పని చేసేవాళ్లు గడియారం చూస్తారా? నేను అటు వెళ్తే స్క్రీన్ మీద ఏదో మూసేది. ఒక లావుపాటి నోట్‌బుక్ ఉండేది, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని అందులో ఏదో రాసేది, ఎవరైనా దగ్గరికొస్తే అరచెయ్యి అడ్డం పెట్టేది. తేడాలు లేకుండా అంకెలు ముందు అందులో తయారు చేసుకుని, తర్వాత కాగితం మీదికి ఎక్కిస్తోందని నాకు నమ్మకం కుదిరిపోయింది. రోజుకొక రుజువు దొరికేది. ఒకరోజు ఆమె నాకు గుడ్‌మార్నింగ్ చెప్పలేదు, అదీ రుజువే. మర్నాడు నవ్వుతూ చెప్పింది, అది ఇంకా పెద్ద రుజువు.

ఇంట్లో చెప్తే మా ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ, "ఆ పిల్లని అడిగీసారా?" అంది.

"దొంగని అడిగితే చెప్తుందా?"

"దొంగని ఎవులన్నారు?"

నేను పేపరు తెరిచాను.

ఆమె ఆరు నెలలు పూర్తయ్యే వారం మేనేజర్ నన్ను పిలిచాడు. మొదటి నుంచీ హైదరాబాదీ, మనసులో ఏదీ దాచుకోని మనిషి. "ఆ పిల్లకు పర్మనెంట్ లెటర్ ఇస్తున్న. నువ్వేమంటవ్ భాయ్?"

"ఆమె ఇచ్చిన అంకెల మీద నాకు నమ్మకం లేదు సార్. తప్పే లేదట. అది జరిగే పని కాదు."

"ఏందీ, తప్పులు రాకుంటే ఖుష్ గావాలె గానీ గిట్ల పరేషాన్ అయితవ్?" అని నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "దొంగ లెక్కలా? అందాజగ చెప్పకు. పక్కానా?"

"పక్కా" అన్నాను.

తాళం రెండుసార్లు చూసుకునేవాడినని ఆఫీసంతటికీ తెలుసు. అందుకే మేనేజర్ మరో మాట అడగలేదు. లెటర్ ఆగిపోయింది. ఇంకో మూడు నెలలు చూస్తామని చెప్పి ఆమెను పటాలు గీసే విభాగంలో కూర్చోబెట్టారు. ఎందుకని ఆమె అడిగిందట, "జెర ఓపిక పట్టు, తర్వాత చూద్దాం" అన్నాడట మేనేజర్. నన్ను మాత్రం అడగలేదు. నా బల్ల మీదుగా వెళ్తూ ఒకసారి ఆగి, ఏదో అనబోయి, వెళ్లిపోయింది. అదీ నా లెక్కలో రుజువుగానే పడింది.

మూడు వారాల తర్వాత కంపెనీవాళ్లు మోడల్ పంపమని తొందరపెట్టారు. ఆమె కట్టింది పారేసి కొత్తది కట్టే ముందు, ఎక్కడ అంకెలు మార్చిందో చూద్దామని ఆమె ఫైలు తెరిచాను. ఏ లెక్కలతో కట్టారో, ఏ లెక్కలతో పరీక్షించారో అందులో రెండు వరసల్లో ఉంటుంది. కట్టింది "సరి" ఫోల్డర్‌తో. పరీక్షించింది కూడా "సరి" ఫోల్డర్‌తో.

దొరికింది అనుకున్నాను. టేపు పెట్టి ఆ భుజమే మళ్లీ కొలిచింది. పైగా ఆమె ఎంచుకున్న రకం మోడల్ తనకిచ్చిన ప్రతి లెక్కకూ అచ్చంగా ఆ జవాబే తిరిగి చెప్తుంది. తేడా సున్నా రాక ఏమొస్తుంది? కాగితం మీద వరసలకు సాఫ్ట్‌వేర్ తనంతట తనే మళ్లీ ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు వేసుకుంది కాబట్టి నాకు తెలియలేదు. ఆమె ఒక్క అంకె కూడా మార్చలేదు. నిజానికి ఇలాంటి ఫలితం వస్తే ఈ పనిలో ఉన్నవాడు ఎవడైనా మొదట చూడాల్సింది ఈ రెండు వరసలే. నేను చూడలేదు. ఫైలు వదిలేసి మనిషిని చూశాను.

కానీ ఎందుకిలా చేసింది? బేసి ఫోల్డర్ పక్కనే ఉండగా సరి ఎందుకు చూసింది?

సరి చూడు.

చీటీలో నేను రాసిన మాటలు అవి. సరితో కట్టు, కట్టాక సరి చూడు. సరి ఫోల్డర్‌నే చూడమన్నాననుకుని, నేను రాసినట్టే చేసింది. సరి చూసిన సార్ అని నా మొహం మీద నిజం చెప్పింది. నేనేమో సరిచూడటం అనుకుని, అబద్ధం వింటున్నానని అనుకున్నాను.

నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన "పక్కా అంటివి గద భాయ్" అని మాత్రం అని లెటర్ టైపు చేయించాడు.

ఆ లెటర్ పట్టుకుని నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆమె సొరుగులోంచి ఆ నోట్‌బుక్ తీసింది. మొదటి పేజీలో నా చీటీ అంటించి ఉంది.

"ఫస్ట్ వర్క్ గద సార్, దాచుకున్న. సరి అంటే కరెక్ట్‌గ వచ్చిన లెక్కలనుకున్న. బేసి అంటే బేసిక్, ముందుగాల చేసిన ట్రయల్స్ అనుకున్న. ఈవెన్, ఆడ్ అంటే తెలుస్తుండె."

"నన్ను అడగాల్సింది అమ్మా."

"మీరు సుత అడగలే గద సార్."

లెటర్ ముందుకు జరిపాను. ఆమె తీసుకోలేదు.

"టైం అయిపోయింది సార్. అమ్మకు మాటిచ్చిన. జూన్‌ల స్కూల్‌ల జాయిన్ అవుతున్న. ఈ మూడు వారాలు ఏం తప్పు చేసినవే అని అమ్మ అడుగుతనే ఉంది. నాకు తెలిస్తే గద చెప్పనీకి."

వాళ్లమ్మతో నేను మాట్లాడతానన్నాను. వద్దంది. నోట్‌బుక్ పేజీ తిప్పాను. గుండ్రటి తెలుగు అక్షరాలు, పేజీల కొద్దీ. చర్చిలో ఆదివారం బడి పిల్లల కోసం నాటకం రాస్తోంది. సాయంత్రాలు అయిదున్నరకు పరిగెత్తేది వాళ్లతో ఆ నాటకం వేయించడానికి. ఆఫీసులో ఎవరైనా చూసి నవ్వుతారని స్క్రీన్ మీద దాన్ని మూసేది, నోట్‌బుక్‌కి చెయ్యి అడ్డం పెట్టేది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క ఒత్తు తప్పు లేదు. నా చేతిరాత కంటే ఎంతో బాగుంది.

"తెలుగు చదవడం వచ్చా నీకు?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

"చిన్నప్పటి సంది బైబిల్ తెలుగులనే చదువుత సార్."

చీటీ తెలుగులో రాసి ఉంటే "సరిచూడు" అని రెండు ముక్కలూ కలిపే రాసేవాణ్ణి. ఆమె ఒక్క చూపులో అర్థం చేసుకునేది. తెలుగు రాదని నేను ఎవరినీ అడగకుండానే తేల్చేశాను. మిగతా రుజువులన్నీ ఆ తర్వాత పోగేసుకున్నవే.

శుక్రవారం ఆమె ఆఖరి రోజు. మధ్యాహ్నం నేను భోజనం నుంచి వచ్చేసరికి ఆమె బల్ల ఖాళీగా ఉంది. నా కీబోర్డు మీద ఒక చీటీ ఉంది, తెలుగులో.

"సార్, బేసి లెక్కలతో సరిచూశాను. నాలుగు చోట్ల తేడా వచ్చింది, మందం తక్కువున్న వైపు. మోడల్ మళ్లీ కట్టాలి."

సరిచూశాను అన్న మాట మధ్యలో ఖాళీ వదలకుండా కలిపి రాసింది. అలవాటు కొద్దీ కంప్యూటర్‌లో ఆ నాలుగు చోట్లూ తెరిచి చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చూడకుండానే మోడల్ మళ్లీ కట్టడం మొదలుపెట్టాను.