గలగలకు ఒకే ముఖం

మా ఆయన బోర్డులు రాసే పెయింటర్. పళ్ల డాక్టరు బోర్డు, చెప్పుల కొట్టు బోర్డు, కారు నడపడం నేర్పేవాడి బోర్డు, 'ఇచ్చట నోటీసులు అంటించరాదు' అనే గోడ, అన్నీ ఆయన చేతి రాతే. కింద ఎక్కడా ఆయన పేరు మాత్రం ఉండదు. అదేంటని అడిగితే "పేరు కోసం చేస్తామా ఏంటి?" అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా ముందు గదిలో కుర్చీల మీద ఆరబెట్టిన బోర్డులు, కింద రంగు డబ్బాలు, కిటికీలో బ్రష్షులు నానేసిన సీసాలు, మంచం పక్కన ఆయన వాయించే ఇంతెత్తు డ్రమ్ము. వచ్చినవాళ్లు కూర్చోవాలంటే ఏది తడిగా ఉందో, ఏది ఆరిందో ముందు నన్నడగాలి. మా పెద్దాడపడుచు ఒకసారి అడక్కుండా కూలబడి, 'ఇల్లు అద్దెకు' అనే అక్షరాల్లో సగం చీరకంటించుకుని బస్సెక్కింది. ఇప్పటికీ ఆవిడ మా ఇంటికొస్తే నిలబడే మాట్లాడుతుంది.

ఆ డ్రమ్ముతోనే బ్యాండు మొదలైంది. మా ఆయన డ్రమ్ము, లెక్కల మాస్టారు కీబోర్డు, మందుల షాపాయన గిటారు. దానికి 'గలగల' అని పేరు పెట్టింది మా ఆయనే. ఆ పేరు తట్టేదాకా పదకొండు రోజులు ఆయనకు అన్నం సహించలేదు. మాకు పాప పుట్టినప్పుడు మాత్రం "ఏదో ఒకటి నువ్వే పెట్టెయ్" అన్న మనిషి! డ్రమ్ము మీద ఎర్ర రంగుతో 'గలగల' అని రాసుకున్న రోజున, వీధిలో పోయేవాళ్లందరినీ లోపలికి పిలిచి చూపించారు. మొదటి ఏడాది పాడేవాడే లేడు, వట్టి వాయిద్యాలే. వినేవాళ్లూ పెద్దగా లేరనుకోండి.

అప్పుడు మా తమ్ముణ్ణి తీసుకొచ్చి చేర్చింది నేనే. చెప్పుల కొట్లో పనిచేసేవాడు, బేరానికొచ్చినవాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని కూనిరాగాలు తీసేవాడు. గొంతు బాగుంటుంది, తోడబుట్టినవాడని చెప్పడం లేదు. ఒకటే జబ్బు, రెండో చరణం మర్చిపోతాడు. మర్చిపోయి, నవ్వేసి, మొదటి చరణమే మళ్లీ ఎత్తుకుంటాడు. వెనక వాయించే ముగ్గురూ ఆగి, కిందామీదా పడి వాడితోపాటు మళ్లీ మొదటికొచ్చేవారు. జనం ఆ నవ్వుకే చప్పట్లు కొట్టేవారు.

పాటకచేరీల దగ్గర పెట్టుకోవడానికి ఒక బోర్డు కావాల్సి వచ్చింది. ఫ్లెక్సీ మాటెత్తితే మా ఆయన ఇంతెత్తున లేస్తారు, కాబట్టి చేత్తోనే వేయాలి.

"నలుగురి ముఖాలూ వెయ్యండి," అన్నాను.

"నాలుగు ముఖాలంటే నాలుగు రోజుల పని. ఒకటి చాల్లే. మీ తమ్ముడిదైతే గుండ్రంగా, మీసంతో, సులువుగా వచ్చేస్తుంది."

"పైన పేరు రాసి కింద వాడి ముఖం పెడితే, గలగల అంటే వాడే అనుకుంటారండీ."

"జనం మరీ అంత వెర్రివాళ్లేం కాదు. నువ్వూరుకో."

ఊరుకున్నాను. రంగు వెలిసినప్పుడల్లా కొత్త బోర్డు, ప్రతి బోర్డు మీదా మా తమ్ముడే. పద్దెనిమిదేళ్లు! కళ్లు మూసుకుని కూడా ఆ ముఖం వేసేస్తానని ఆయన గొప్పలు పోయేవారు.

ఈలోగా బస్సు కండక్టరు "గలగల గారూ, ముందుకు రండి, సీటుంది" అనడం మొదలుపెట్టాడు. మా తమ్ముడి అసలు పేరు వాడి పెళ్లానికీ, కరెంటు బిల్లుకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. మా ఆయన మొదట్లో నవ్వేవారు. ఒక స్కూలు వార్షికోత్సవంలో ఒకావిడ వాడికి నమస్కారం చేసి, పక్కనున్న ఈయన వైపు తిరిగి, "గలగల గారికి డ్రమ్ము వాయించేది మీరేనా అండీ?" అనడిగింది. ఆ పూట కంచం ముందు కూర్చుని, మంచినీళ్లు తాగి లేచిపోయారు. పేరు కోసం చెయ్యని మనిషి కదా!

పోయిన నెల మా తమ్ముడు ఒక పెద్ద స్పీకరు కొనుక్కున్నాడు. సంగీతమంతా ఫోనులోంచి దానికదే వస్తుంది, వీడు మైకు పట్టుకుంటే చాలు, బ్యాండుతో పనిలేదు. 'గలగల, గాయకుడు' అని కార్డులు కూడా అచ్చేయించుకుని, మొదటి కార్డు తెచ్చి మా ఆయన చేతికే ఇచ్చాడు. వాడి తెలివి అలా ఏడ్చింది.

"ఇదేంట్రా?" అన్నారీయన.

"కార్డు బావా."

"గలగల బ్యాండు పేర్రా! నువ్వు చెప్పుల కొట్లో ఉన్నప్పుడే డ్రమ్ము మీద ఉందది."

"ఉంటే ఉంది. వీధిలోకెళ్లి గలగలా అని పిలిపిద్దాం. మీరు పలుకుతారో, నేను పలుకుతానో తేలిపోద్ది."

"పేరు పెట్టినవాణ్ణి నేను!"

"మీ పాపకి పేరు పెట్టింది అక్క. అందుకని అక్కని ఆ పేరుతో పిలుస్తున్నామా?"

నాకు నవ్వాగలేదు. ఆయన చూపు చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

"నువ్వెవరి వైపే?" అన్నారు.

"నేను వంటింటి వైపు," అని లేచిపోయాను.

అంతలో ఫంక్షన్ హాలు మేనేజరు, శనివారం నర్సుల సంఘం కుటుంబ వేడుకకు 'గలగల' రావాలని కబురు పెట్టాడు. ఆ పిలుపు ఎవరికో తేల్చుకోవడానికి బావా బావమరుదులిద్దరూ వెళ్లారు. కొట్టుకుంటే విడదీయాలి కదా, నేనూ వెళ్లాను.

మేనేజరు ఇద్దరి మాటా విని, "బోర్డు మీద ముఖం ఎవరిదండీ?" అన్నాడు.

"వీడిదే. కానీ పేరు రాసింది నేను," అన్నారు మా ఆయన.

"పళ్ల డాక్టరు పేరు రాసింది కూడా మీరే కదండీ. రేపట్నుంచి పళ్లు పీకుతారా?"

ఆయన ముఖం మాడిపోయింది. మేనేజరుకే జాలేసినట్టుంది. "సరే, గురువారానికి నలుగురి ముఖాలతో ఒక బోర్డు వేసి తెండి. గేటు దగ్గర పెడదాం. చూసినవాళ్లు ఇది బ్యాండు అంటే పేరు బ్యాండుది. లేదంటే ఈయనది," అన్నాడు.

మా తమ్ముడు ఒప్పుకున్నాడు. "నన్ను మాత్రం కొంచెం పెద్దగా వెయ్యండి బావా," అని ఒక మాట కూడా విసిరాడు.

మా ఆయన మూడు రోజులు బయటి పనులన్నీ మానేశారు. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లజోడుతో సహా దించేశారు. మందుల షాపాయన కూడా అచ్చుగుద్దినట్టు వచ్చాడు. మా తమ్ముణ్ణి మాత్రం ఒక మూల, తపాలా బిళ్లంత వేశారు. కక్ష! తన ముఖం చివరికి పెట్టుకున్నారు. అద్దం ముందు కూర్చుని మూడుసార్లు వేశారు, మూడుసార్లు తుడిచారు.

"నా ముక్కు ఇలాగే ఉంటుందా?" అని నన్నడిగారు.

"నేనెరిగి ఇరవై రెండేళ్లుగా అలాగే ఉంది," అన్నాను.

బుధవారం సాయంత్రం విసుగెత్తి, అద్దాన్ని గోడవైపు తిప్పేసి, గబగబా పని కానిచ్చి, నన్ను కూడా చూడనివ్వకుండా గుడ్డ కప్పేశారు.

గురువారం హాలు గేటు దగ్గర పదిమంది పోగయ్యారు. మా ఆయన గుడ్డ లాగారు. మేనేజరు దగ్గరికొచ్చి, "మాస్టారు, సరే. మందుల షాపాయన, సరే. మరి గలగల గారు ఇద్దరున్నారేంటండీ? పెద్దదొకటి, చిన్నదొకటి?" అన్నాడు.

చూశాను. అవే గుండ్రటి బుగ్గలు, అదే మీసం. మా ఆయనకు అసలు మీసమే లేదు! పద్దెనిమిదేళ్లు ఒకే ముఖం వేసిన చెయ్యి, సొంత ముఖం వెయ్యమంటే దానికొచ్చిందే వేసింది. అదీ, వాడడిగినట్టే, కొంచెం పెద్దగా.

అందరూ నవ్వారు. ముందు నవ్వింది నేనే, అబద్ధమెందుకు? ఆయన మాత్రం బోర్డు దగ్గరికెళ్లి, ఆ మీసం మీద వేలు పెట్టి తుడిచి చూశారు. అది ఎప్పుడో ఆరిపోయింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఛీ, ఏం మనిషిని నేను, అనిపించింది.

పేరు మా తమ్ముడిదైంది. తీరా ఆ స్పీకరు పెట్టుకుని ఇంట్లో పాడి చూసుకుంటే, చరణం మర్చిపోయినా ఫోను వాడి కోసం ఆగదని తెలిసొచ్చింది. శుక్రవారం పరుగెత్తుకొచ్చి, "మీరైతే ఆగుతారు బావా," అని గడ్డం పట్టుకున్నాడు. ఈయన ఒప్పేసుకున్నారు. రోషం ఉండక్కర్లేదూ? డ్రమ్ము మీది పేరు చెరపడానికి చేతులు రాక, దాని మీద తువ్వాలు కప్పి తీసుకెళ్లారు.

శనివారం నేను మూడో వరుసలో కూర్చున్నాను. మా తమ్ముడు మర్చిపోవాల్సిన చోట మర్చిపోయాడు, మా ఆయన ఆగాల్సిన చోట ఆగారు. పాట అవగానే హాలంతా "గలగల! గలగల!" అని అరిచింది. ఎన్నేళ్ల అలవాటో, ఆయన డ్రమ్ము వెనక నుంచి తలెత్తారు. ఒక్కరూ అటు చూడటం లేదు. మళ్లీ తల దించుకుని డ్రమ్ము మీది తువ్వాలు సర్దారు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, గొంతు చించుకుని, "ఏమండీ!" అని అరిచాను.

హాల్లో ఉన్న మొగుళ్లు సగం మంది ఉలిక్కిపడి తిరిగి చూశారు. మైకు దగ్గర మా తమ్ముడూ తిరిగి చూశాడు. పలికింది మాత్రం డ్రమ్ము వెనకున్నాయన ఒక్కరే.

"ఆఁ, ఏంటే?"