అరవై రెండో నంబరు దగ్గర ఆగిన తెలుపు

యాభై ఏడేళ్ళ ఎర్లిందా గోధుమ తోర్తియాలు, అంటే పలచటి రొట్టెలు, చేసి అమ్ముతుంది. పిండి ముద్దను మోచేతుల మీద వేసుకుని, అవతలి మనిషి కనబడేంత పలచగా సాగదీసి, బోర్లించిన పెనం మీద పరిచే పని. ఎర్మొసీయో ఊళ్ళో, జూన్ నెల నలభై ఆరు డిగ్రీల ఎండలో, ఆ పొయ్యి ముందు నిలబడడానికి గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆమెకు పుష్కలంగా ఉంది. లేనిదల్లా ఓర్పు, అదీ ఒక్క చెల్లెలి విషయంలో.

తల్లి పోయేనాటికి ఎర్లిందాకు పన్నెండేళ్ళు, ఇమెల్దాకు మూడు. చెల్లెలికి జడలు వేసింది తనే, బడికి తీసుకెళ్ళింది తనే, పెళ్ళి గౌను కుట్టించింది తనే. తను మాత్రం పెళ్ళి మాట ఎత్తకుండా ఉండిపోయింది. ఇంత చేశాక తండ్రి ప్రేమలో పెద్ద వాటా తనదేనని ఆమె నమ్మకం. కాని తాపీమేస్త్రీ అయిన ఆ తండ్రి, దోన్ ఫిలిబెర్తో, కూతుళ్ళిద్దరికీ పక్కపక్కనే, ఒకే ఇటుకతో, ఒకే కొలతతో ఇళ్ళు కట్టాడు. రెండు డాబాలకూ ఒకే ఎర్రపూత వేశాడు. ఇద్దరినీ సమానంగా చూడడం ఎర్లిందాకు పెద్ద అన్యాయంగా తోచింది. అయినా ఒక తృప్తి ఉండేది. ముసలాయన ఉంటున్నది తన దగ్గర, అరవై నాలుగో నంబరులో.

మార్చిలో ఏదో సంఘం వాళ్ళు రంగు డబ్బాలతో వీధిలోకి వచ్చారు. ఊరు ఏటేటా వేడెక్కిపోతోందట, డాబాకు తెల్లరంగు వేస్తే ఎండ తగిలినట్టే తగిలి వెనక్కి పోతుందట, ఇల్లు చల్లబడుతుందట, అంతా ఉచితమేనట. ఎర్లిందా అంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"పక్కింటావిడ ఏమంది?"

"సరేనన్నారండీ."

"అయితే నాకొద్దు. డాబా అన్నాక ఎర్రగా ఉండాలి. తెల్లగా ఉండేవి సమాధులు."

అలా వీధిలో తెలుపు అరవై రెండో నంబరు దగ్గర, అంటే ఇమెల్దా ఇంటి దగ్గర ఆగిపోయింది.

మే నెల వచ్చేసరికి దోన్ ఫిలిబెర్తో "కాసేపు నడుం వాల్చి వస్తా" అని చిన్న కూతురింటికి పోవడం మొదలుపెట్టాడు. తర్వాత మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే అయింది. తర్వాత దిండు వెళ్ళింది. దిండు వెనక చొక్కాలు, చొక్కాల వెనక రేడియో. రేడియో వెళ్ళిన రోజున ఎర్లిందా పొయ్యి ముందు నిలబడి ఏడ్చింది. గోడ అవతల తండ్రి నవ్వు వినబడినప్పుడల్లా అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు పిండిని బాదేది. ఆ వారం తోర్తియాలు చెప్పుల్లా ఉన్నాయని కొన్నవాళ్ళు మొత్తుకున్నారు.

"అక్కా, నువ్వూ రావే" అని ఇమెల్దా గోడ మీంచి పిలిచింది. "లోపల ఎంత హాయిగా ఉందో! ఆ పొయ్యి దగ్గర మాడిపోతున్నావు."

"నా ఇంటికేం తక్కువ? నాన్నకి పొరుగింటి పుల్లకూర రుచి, అంతే."

"పొరుగిల్లేంటే? నేను కూతుర్ని కానా?"

ఆ మాట నిజమే. అందుకే ఎర్లిందాకు మరింత మండింది.

రంగు డబ్బా కొంటే ఓడిపోయినట్టే. చిన్నప్పుడు తండ్రి చేసిన పాత పద్ధతి గుర్తొచ్చింది. నాగజెముడు మట్టలు నానబెడితే వచ్చే జిగురు, సున్నం, గుప్పెడు ఉప్పు. సున్నాన్ని పట్టి ఉంచేది ఆ జిగురే. కాని చెల్లెలి డాబా కన్నా తెల్లగా ఉండాలన్న తొందరలో మట్టల్ని గంటసేపే నానబెట్టింది, సున్నం గంజిలా చిక్కగా కలిపింది, పాత ఎర్రపూత గీకకుండా దాని మీదే మెత్తేసింది. అంతా ఒక్కరోజులో. అది సాన్ హువాన్ పండుగ ముందురోజు. ఆ పండుగకు వాన వస్తుందని ఎర్మొసీయోలో కుక్కలకు కూడా తెలుసు. కళ్ళకు కుళ్ళు కమ్మితే మబ్బులేం కనబడతాయి!

మర్నాడు సాయంత్రం జనం వీధిలో ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుంటూ గెంతుతుండగానే వాన దిగింది. ఎర్లిందా డాబా మీది తెలుపంతా మీగడలా జారి, తూముల్లోంచి దూకి, వీధి పొడుగునా పారింది. గెంతేవాళ్ళ కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లబడ్డాయి.

"అక్కా! డాబా చాలక రోడ్డుకి కూడా వేయిస్తున్నావా?" అని ఇమెల్దా గుమ్మంలోంచి అరిచింది. "మంచిదేలే, రోడ్డూ చల్లబడుతుంది!"

వీధంతా నవ్వింది. దాన్ని ఎర్లిందా ఎలాగో ఓర్చుకునేది. కాని చెల్లెలి పక్కన నిలబడి తండ్రి కూడా నవ్వాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. ఇక ఆయన తన గుమ్మం తొక్కడనే అనుకుంది.

తెల్లవారేసరికి ఆయనే వచ్చి తలుపు కొట్టాడు.

"ఎవరు నేర్పారే నీకు సున్నం వెయ్యడం?"

"నువ్వే."

"నేనా? పాలంత పలచగా అన్నాను. నువ్వు గంజి పోశావు. మట్టలు ఎంతసేపు నానాయి?"

"గంట."

"గంటా! రాత్రంతా నానాలే అవి. పో, తాపీ తీసుకుని పైకెక్కు. ముందు ఆ ఎర్రపూత గీకు. వీధిలో నా పరువు తీశావు కదే!"

నాలుగు రోజులు పెరట్లో బకెట్టు బోర్లించుకుని కూర్చుని, పైనున్న కూతురి మీద కేకలు వేశాడు. పొద్దెక్కకముందే వెయ్యాలి, ఒక పూత ఆరితేనే ఇంకొకటి, మూడూ పలచగా. ఎర్లిందా మోకాళ్ళు దోక్కుపోయాయి. అయినా ఆ తిట్లు తేనెలా ఉన్నాయి ఆమెకు. ఒక్కొక్కటీ గోడ అవతలికి చేరాలని, "ఏంటి నాన్నా? వినపళ్ళేదు!" అని మళ్ళీ తిట్టించుకునేది. చీకటి పడగానే మాత్రం ఆయన చిన్న కూతురింటికే పోయేవాడు.

మూడో పూత ఆరిన మధ్యాహ్నం ఎర్లిందా బల్ల ఎక్కి ఇంటికప్పుకు లోపలి నుంచి అరచెయ్యి ఆనించి చూసింది. కాలలేదు. తండ్రికి ఎండుమాంసం, బీన్స్ చుట్టి తోర్తియా పెట్టింది. ఆయన తిని, ఎవరూ చెప్పకుండానే ఆమె మంచం మీద వాలాడు.

ఎర్లిందా గబగబా చెల్లెలి వైపు కిటికీ తెరిచింది, గురక అటు వినబడాలని.

"అక్కా, నాన్న భోజనానికి రాలేదేంటి?"

"తిని పడుకున్నాడు. లేపకు."

అంత తీపి మాట ఆమె తన జన్మలో అనలేదు. ఇమెల్దా "మంచిదే అక్కా" అని వెళ్ళిపోయింది. ఆ గొంతులో ఏడుపు జీర తగిలింది. అది కూడా ఎర్లిందాకు బాగానే ఉంది.

పొద్దు వాలుతుండగా ముసలాయన కదిలాడు. కళ్ళు తెరవకుండానే, "ఇమెల్దా, కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా" అన్నాడు.

ఎర్లిందా కొయ్యబారిపోయింది. ఇల్లు తనది, మంచం తనది, ఆ చల్లదనం కోసం దోక్కుపోయిన మోకాళ్ళు తనవి. నేను ఎర్లిందాని అని వీధంతా వినబడేలా అరవాలనిపించింది. కూజాలోంచి గ్లాసు నింపి అందించింది.

ఆయన రెండు గుక్కలు తాగి, నిద్రమత్తులోనే అడిగాడు.

"అక్క తిందో లేదో గోడ మీంచి అడిగావా? నీకు రోజూ చెప్పాలా? అది ఒక్కతే కూర్చుంటే సరిగా తినదే."

ఎర్లిందా ఖాళీ గ్లాసు అందుకుంది. గొంతు సవరించుకుని, చెల్లెలి గొంతంత మెత్తగా చేసుకుని, "తిందిలే నాన్నా. నువ్వు పడుకో" అంది.